కుమార్ రాకర్: మెట్స్ వద్దన్న చెయ్యి, రెండు సర్జరీలు, మళ్లీ మైనర్ లీగ్. మీరేమంటారు?

స్కోర్‌బుక్_మావయ్య:
2025 సీజన్ ముగిసింది కాబట్టి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్ (అంటే బంతి విసిరేవాడు) కుమార్ రాకర్ పేరు ఇక్కడ అడపాదడపా వినిపిస్తోంది గానీ విడిగా చర్చ లేదు. ఆగస్టులో అతన్ని మేజర్ లీగ్ నుంచి దించి దాని కింది మెట్టైన ట్రిపుల్-ఎ జట్టు రౌండ్ రాక్‌కి పంపాక, "ఇతని పని అయిపోయింది" అని చాలామంది తేల్చేశారు. 14 స్టార్ట్‌లు (మ్యాచ్ మొదటి నుంచి వేసినవి), 64 ఇన్నింగ్స్ చిల్లర (ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మేలు) 5.74. అంకెలు బాగాలేవు, ఒప్పుకుంటాను. కానీ ఆ తీర్పు తొందరపాటు అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పే ముందు మీ మాట వింటాను.

ఆఫ్‌స్టంప్:
నేను క్రికెట్ మనిషిని, హైదరాబాద్‌లో ఉంటాను. ఈ ఆట గురించి అక్షరం ముక్క తెలీదు. కుమార్ అనే పేరు చూసి లోపలికొచ్చాను. మనవాడా?

వేపచెట్టు:
వచ్చిందండీ మొదటి ప్రశ్న. ఇంటిపేరు, ఊరు, జిల్లా కూడా అడిగేయండి, ఒక పనైపోతుంది.

స్కోర్‌బుక్_మావయ్య:
@ఆఫ్‌స్టంప్ వాళ్లమ్మ లలిత గారు భారతీయ సంతతి. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, ఆబర్న్ యూనివర్సిటీకి ఆడాడు, తర్వాత కోచ్ అయ్యాడు. కుమార్ ఒళ్లు చూస్తే నాన్న పోలిక తెలుస్తుంది, ఆరడుగుల ఐదంగుళాలు. వేపచెట్టు గారన్నట్టు ఊరి వెతుకులాట ఇక్కడితో ఆపుదాం.

పేరు ఎలా వచ్చిందో చెప్తాను. 2019 జూన్ 8న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ, డ్యూక్ మీద నో-హిట్టర్ వేశాడు. అంటే మ్యాచ్ మొత్తంలో ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా దక్కలేదు. పైగా 19 స్ట్రైకౌట్లు. 27 మందిని అవుట్ చేయాల్సిన ఆటలో 19 మందికి బంతి అందనే లేదు. అప్పటికి అతనికి 19 ఏళ్లు, కాలేజీలో మొదటి ఏడాది. ఆ నెలలోనే వాండర్‌బిల్ట్ కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో ఉత్తమ ఆటగాడూ ఇతనే. ఆ రోజు నుంచి రెండేళ్లపాటు, జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం ఇతనిదే అన్నంత మాట నడిచింది.

మోచేతి_ఫిజియో:
ఆ నో-హిట్టర్‌కి ఎన్ని బంతులు వేశాడో కూడా చెప్పండి మావయ్య గారూ. 131. పందొమ్మిదేళ్ల పిల్లాడి చేత. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను గానీ, వృత్తిరీత్యా నాకు గుండెలో గుబులుగానే ఉండింది. ఆ ఒక్క రాత్రి వల్లే తర్వాతి గాయాలు వచ్చాయని అనను, అలా ముడిపెట్టడం కుదరదు. కాలేజీ కోచ్‌లకి ట్రోఫీ కావాలి, పిల్లాడి ముప్ఫయ్యో ఏటి భుజం వాళ్ల లెక్కలో ఉండదు. అంతే నేను చెప్పేది.

డ్రాఫ్ట్_లెక్కలు:
అసలు కథ 2021లో ఉంది. ఆ ఏడాది కాలేజీలో 122 ఇన్నింగ్స్ వేశాడు, 179 స్ట్రైకౌట్లు. అదే జట్టులో ఉన్న జాక్ లైటర్‌కీ సరిగ్గా 179. దేశం మొత్తంలో ఇద్దరూ కలిసి మొదటి స్థానం. డ్రాఫ్ట్‌లో లైటర్‌ని రెండో స్థానంలో రేంజర్స్ తీసుకుంది. రాకర్ పదికి జారాడు, న్యూయార్క్ మెట్స్ తీసుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది. తర్వాత మెడికల్ పరీక్షలు చూసి మెట్స్ వెనక్కి తగ్గింది, సంతకమే జరగలేదు.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. డ్రాఫ్ట్‌కి ముందే ఎంఆర్‌ఐ ఇచ్చే పద్ధతి అప్పట్లో ఒకటుండేది. దాంట్లో చేరినవాడికి జట్టు కనీసం ఆ స్థానానికి కేటాయించిన సొమ్ములో నలభై శాతం ఇవ్వజూపాల్సి ఉండేది. రాకర్ ఎంఆర్‌ఐ ఇవ్వలేదు కాబట్టి మెట్స్ చిల్లిగవ్వ ఇవ్వకుండా తప్పుకోగలిగింది. పైగా మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో పదకొండో స్థానం పరిహారంగా దక్కింది. చేతికి మట్టి అంటలేదు.

వేపచెట్టు:
పెళ్లిచూపులయ్యాక జాతకం కుదరలేదని చెప్పినట్టు.

డ్రాఫ్ట్_లెక్కలు:
@వేపచెట్టు నవ్వొచ్చింది గానీ, మెట్స్ తప్పు చేసిందని నేను అనను. ఆ సెప్టెంబర్‌లోనే రాకర్ భుజానికి సర్జరీ అయింది. చిన్నదే అన్నారు. తర్వాత 2023లో మోచేతికి పెద్దది. లోపల ఏదో ఉందని వాళ్ల డాక్టర్లకి అనిపించింది, అనిపించింది కాబట్టి వద్దన్నారు. 60 లక్షలు పెట్టేవాడు ఆ మాత్రం చూసుకోడా?

ఫ్రిస్కో_పక్కింటాయన:
చూసుకోవచ్చు. కానీ పిల్లాడి పేరు మీద "చెయ్యి పాడైంది" అనే ముద్ర వేసి వెళ్లిపోయారు. అతను మళ్లీ కాలేజీకి వెళ్లలేదు. మేజర్ లీగ్ జట్లతో సంబంధమే లేని ఫ్రాంటియర్ లీగ్‌కి వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్‌కి ఆడాడు. కాలేజీ రోజుల్లో టీవీ కెమెరాలన్నీ వెంటపడ్డ మనిషి! ఆ జట్టు కథా అలాంటిదే. 2020 దాకా మేజర్ లీగ్ జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి అనుబంధ జట్టుగా ఉండేది, మేజర్ లీగ్ వాళ్లు మైనర్ జట్లని 160 నుంచి 120కి కోసేసినప్పుడు రోడ్డున పడింది. వద్దన్న జట్టుకి వద్దన్న పిచ్చర్ ఆడాడు.

స్కోర్‌బుక్_మావయ్య:
అక్కడ ఐదు స్టార్ట్‌లు, 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకౌట్లు, ఈఆర్‌ఏ 1.35. స్కౌట్లు వరస కట్టారు. 2022 డ్రాఫ్ట్‌లో రేంజర్స్ ఏకంగా మూడో స్థానంలో తీసుకుంది. అంత పైన వస్తాడని ఎవరూ రాయలేదు. మెట్స్ తమ పదకొండో స్థానంతో కెవిన్ పరాడా అనే క్యాచర్‌ని (మన వికెట్ కీపర్ లాంటివాడు) తీసుకుంది.

డ్రాఫ్ట్_లెక్కలు:
అందులోనూ లెక్కుంది. మూడో స్థానానికి కేటాయించిన సొమ్ము సుమారు 76 లక్షల డాలర్లు. రాకర్‌కి ఇచ్చింది 52 లక్షలు. మిగిల్చిన సొమ్ము కూడా కలుపుకుని 37 లక్షలు పెట్టి నాలుగో రౌండ్‌లో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూల్ పిచ్చర్‌ని తెచ్చుకున్నారు. పదో స్థానంలో 60 అనుకున్నవాడు మూడో స్థానంలో 52కి ఒప్పుకున్నాడు. భుజం మీద ఉన్న అనుమానానికి వెల అది.

ఆఫ్‌స్టంప్:
ఒక్క నిమిషం. మైనర్ లీగ్ అంటే మన రంజీ లాంటిదా?

ఫ్రిస్కో_పక్కింటాయన:
కాదండీ. రంజీలో హైదరాబాద్ గెలవాలని హైదరాబాద్ ఆడుతుంది. ఇక్కడ మైనర్ జట్టులో ఆటగాళ్లు, కోచ్‌లు అందరూ పైనున్న మేజర్ క్లబ్ మనుషులే. రేంజర్స్‌కి అడుగున అరిజోనాలో రూకీ జట్టు, పైన సింగిల్-ఎ, దానిపైన హై-ఎ (2024 దాకా హికరీలో ఉండేది), డబుల్-ఎ మా ఫ్రిస్కోలో, ట్రిపుల్-ఎ ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో. మ్యాచ్ గెలిచినా ఓడినా పెద్దగా పట్టింపు లేదు, పైనుంచి ఫోన్ వస్తే ఐదో ఇన్నింగ్స్‌లో బాగా వేస్తున్నవాడినైనా లాగేస్తారు. బస్సుల్లో తిరగడం, హోటల్ గదులు. జీతాలు ఘోరంగా ఉండేవి. 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం వచ్చాకే ట్రిపుల్-ఎ వాడికి ఏడాదికి 35,800 డాలర్లు, డబుల్-ఎకి 30,250 అయ్యాయి. రాకర్‌కి బోనస్ ఉంది కాబట్టి సరిపోయింది. పక్కన కూర్చున్న ఇరవయ్యో రౌండ్ కుర్రాడి సంగతి వేరు, వాడికి మోచెయ్యి పోతే ఇంటికే.

మోచేతి_ఫిజియో:
ఇక మోచేతి దగ్గరికి వద్దాం. 2023లో హికరీలో ఆరు స్టార్ట్‌లు, 28 ఇన్నింగ్స్, 42 స్ట్రైకౌట్లు. దూసుకుపోతున్నాడు అనుకుంటుండగానే మే నెలలో టామీ జాన్ సర్జరీ.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మోచేతి లోపలి వైపు, అంటే ఒంటికి ఆనుకునే వైపు, పై ఎముకనీ కింది ఎముకనీ కట్టి ఉంచే చిన్న లిగమెంట్ ఉంటుంది. పిచ్చర్ చెయ్యి వెనక్కి వంచి ముందుకు విసిరే క్షణంలో మోచెయ్యి బయటికి విచ్చుకోబోతుంది, దాన్ని పట్టి ఆపేది ప్రధానంగా ఆ లిగమెంటే. ఒక్కో బంతికి దాని ఓపిక హద్దు దాకా వెళ్లి వస్తుంది. చుట్టూ ఉన్న కండరాలు కొంత భారం మోస్తాయి, అలసిపోయాక వదిలేస్తాయి. అందుకే అలసట అనే మాట వింటే మాకు టెన్షన్.

సర్జరీలో సాధారణంగా ముంజేతి దగ్గరున్న ఒక స్నాయువుని తీసి, రెండు ఎముకలకీ రంధ్రాలు వేసి, దారంలా దూర్చి కొత్త లిగమెంట్ కడతారు. ఆ స్నాయువు కొందరికి పుట్టుకతోనే ఉండదు, వాళ్లకి తొడ వెనక నుంచి తీస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి డాడ్జర్స్ పిచ్చర్ టామీ జాన్‌కి చేశాడు. ఆయన 1975 అంతా కూర్చుని, 1976లో తిరిగొచ్చి, ఆ తర్వాత 164 మ్యాచ్‌లు గెలిచాడు. పేరు అలా స్థిరపడిపోయింది.

ఆఫ్‌స్టంప్:
మరి మన ఫాస్ట్ బౌలర్లకి ఈ సర్జరీ ఎందుకు వినపడదు? బుమ్రాకి వీపు, ఇంకొకరికి వీపు, అందరికీ వీపే.

మోచేతి_ఫిజియో:
మంచి ప్రశ్న. క్రికెట్‌లో బంతి వదిలేటప్పుడు మోచెయ్యి చాచకూడదని నియమం ఉంది కదా. దాంతో మోచేతి మీద ఆ విచ్చుకునే బలం తక్కువ పడుతుంది. కానీ పరిగెత్తుకొచ్చి ముందు కాలు మోపి నడుము పక్కకి వంచి తిప్పడం వల్ల ఆ దెబ్బంతా వెన్నుపూస కింది భాగానికి పోతుంది. బేస్‌బాల్‌లో పిచ్చర్‌కి రనప్ లేదు, ఉన్నచోటే నిలబడి వేగం అంతా పుట్టించాలి. తుంటి, నడుము, భుజం దాటి వచ్చిన బలమంతా చివరికి మోచేతి దగ్గర తేలుతుంది. ఏ ఆట నియమం ఆ ఆట గాయాన్ని ఎంచుకుంటుంది.

వేపచెట్టు:
పాపం రింకూ సింగ్ ఆట కూడా దీంతోనే పోయింది కదా. మన కోల్‌కతా రింకూ కాదు, ఆ పాత రింకూ.

స్కోర్‌బుక్_మావయ్య:
భలే గుర్తుచేశారు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, జావెలిన్ విసిరేవాడు. 2008లో టీవీ పోటీలో గెలిచి దినేశ్ పటేల్‌తో కలిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశాడు. అంతకుముందు బేస్‌బాల్ బంతి పట్టుకున్నదే లేదు. పటేల్‌ని 2010లో వదిలేశారు. రింకూ మాత్రం 2012లో సింగిల్-ఎ జట్టు వెస్ట్ వర్జీనియాకి 72 ఇన్నింగ్స్ వేసి ఈఆర్‌ఏ 3.00 తెచ్చుకున్నాడు. ఏమీ రానివాడు నాలుగేళ్లలో అక్కడికి చేరడం నా దృష్టిలో చాలా పెద్ద సంగతి. మరుసటి ఏడాదే మోచెయ్యి. తర్వాత ఒక గాయం మీద ఇంకోటి, మళ్లీ పైకి రాలేదు. 2018లో కుస్తీ షోలకి వెళ్లిపోయాడు. అతని చేతికి జరిగిందీ రాకర్ చేతికి జరిగిందీ ఒకటే సర్జరీ. ఎదురుచూసే ఓపిక మాత్రం క్లబ్‌కి ఇద్దరి మీదా ఒకలా ఉండదు. 52 లక్షలు పెట్టినవాడి కోసం ఎంతకాలమైనా ఆగుతారు.

ఫ్రిస్కో_పక్కింటాయన:
ఆగారు కూడా. 2023 నవంబర్‌లో రేంజర్స్ చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు రాకర్ రిహాబ్‌లో ఉన్నాడు. 2024 జూలైలో అరిజోనా రూకీ జట్టులో మొదలుపెట్టి ఆ వేసవిలోనే మా ఫ్రిస్కోకి వచ్చాడు. పిల్లల్ని తీసుకుని వెళ్లాం. రైడర్స్ ఫీల్డ్‌లో అవుట్‌ఫీల్డ్ వెనక నీళ్ల కాలవ ఉంటుంది, ట్యూబ్‌లో తేలుతూ మ్యాచ్ చూడొచ్చు, మావాళ్లకి అదే కావాలి. నేను మాత్రం మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) వైపే చూశాను. ఆ స్లైడర్ (చివర్లో పక్కకి తిరిగి కిందికి జారే బంతి) టీవీలో చూసేదానికీ దగ్గర్నుంచి చూసేదానికీ పోలిక లేదండీ. బ్యాటర్ బ్యాట్ ఊపేశాక బంతి కిందికి వెళ్తోంది. మా వెనక వరసలో కూర్చున్నవాళ్లు కూడా తెలుగే. ఫ్రిస్కోలో అది పెద్ద విశేషం కాదనుకోండి.

స్కోర్‌బుక్_మావయ్య:
ఆ ఏడాది మైనర్స్‌లో మొత్తం కలిపి 36 ఇన్నింగ్స్ పైన వేశాడు, 55 స్ట్రైకౌట్లు, ఐదే వాక్‌లు (గురి తప్పి బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి పంపడం). సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ అరంగేట్రం: నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. సర్జరీ అయిన పదహారు నెలలకి.

ఇప్పుడు నా అసలు మాట. కూడి చూడండి. 2023లో హికరీలో 28 ఇన్నింగ్స్, 2024లో 36 పైన. రేంజర్స్ మైనర్ జట్లలో అరంగేట్రానికి ముందు అతను వేసింది మొత్తం 65 ఇన్నింగ్స్‌లోపే! కాలేజీలో ఒక్క 2021లోనే 122. మైనర్ లీగ్ ఉన్నదే పిచ్చర్ దెబ్బలు తిని నేర్చుకోవడానికి. ఒకే బ్యాటర్‌ని మూడోసారి ఎదుర్కొన్నప్పుడు ఏం వేయాలి, స్లైడర్ పట్టు దొరకని రోజు ఎలా నెట్టుకురావాలి, బస్సు దిగిన మర్నాడు ఒళ్లు సహకరించకపోతే ఏం చేయాలి. ఇవన్నీ వందల ఇన్నింగ్స్ వేస్తేనే వస్తాయి. ఇతనికి ఆ వందలు దొరకలేదు. భుజం ఒక ఏడాది తీసుకుంది, మోచెయ్యి ఇంకో ఏడాది తీసుకుంది. చెయ్యి బాగైంది, పాఠాలు మిగిలిపోయాయి. 2025లో మేజర్ లీగ్‌లో చూసింది ఆ మిగిలిపోయిన పాఠాలే. అవి వేల మంది ముందు నేర్చుకోవాల్సి వచ్చింది.

డ్రాఫ్ట్_లెక్కలు:
వాదన బాగుంది, కానీ 2025లో ఏప్రిల్ చివర మళ్లీ భుజం సమస్యతో గాయాల జాబితాలోకి వెళ్లాడని వదిలేశారు. "చెయ్యి బాగైంది" అనడం ఎలా? ఫాస్ట్‌బాల్ 95 మైళ్ల పైన వస్తున్నా బాదేస్తున్నారు. స్లైడర్ ఒక్కటే ఉంటే స్టార్టర్‌గా కుదరదు, రిలీవర్‌గా (మ్యాచ్ మధ్యలో దిగేవాడిగా) పెట్టి ఒక ఇన్నింగ్స్ వేయించడం మేలు. చేతికీ శ్రమ తగ్గుతుంది.

మోచేతి_ఫిజియో:
శ్రమ తగ్గుతుందన్నది అంత సూటిగా చెప్పలేం. రిలీవర్ బంతులు తక్కువే గానీ ప్రతి బంతీ పూర్తి బలంతో వేస్తాడు, ఎప్పుడు పిలుస్తారో తెలీదు, వరసగా రెండు రోజులు కూడా వేయాల్సి రావచ్చు. ఐదు రోజులకోసారి వచ్చే స్టార్టర్‌కి ఒక క్రమం ఉంటుంది. భుజం ఇబ్బంది ఉన్నవాళ్లలో కొందరికి ఆ క్రమమే మంచిది.

బేస్‌బాల్_నాన్న:
కొత్తగా చేరాను, డాలస్ దగ్గర ఉంటాం. చర్చ మొత్తం చదివి భయం వేసింది. మా అబ్బాయికి పదకొండేళ్లు, ట్రావెల్ టీమ్‌లో పిచ్చింగ్ చేస్తాడు. శని, ఆదివారాల్లో టోర్నమెంట్లు. పోయిన శనివారం ఉదయం ఒక మ్యాచ్‌లో వేశాడు, సాయంత్రం ఇంకో మ్యాచ్‌లో మళ్లీ దింపారు. మోచెయ్యి లోపలి వైపు నొప్పి అంటున్నాడు. కోచ్‌ని అడిగితే "పిల్లలకి మామూలే, ఐస్ పెట్టండి" అన్నారు. వాడేమో ఆపనంటాడు. ఏం చేయమంటారు?

మోచేతి_ఫిజియో:
@బేస్‌బాల్_నాన్న ముందు పిచ్చింగ్ ఆపేయండి, ఈ వారమే పిల్లల ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఆ వయసులో లిగమెంట్ కంటే ముందు దెబ్బ తినేది ఎముక పెరిగే భాగం, అది ఇంకా మెత్తగా ఉంటుంది. సమయానికి పట్టుకుంటే చాలామందికి విశ్రాంతితోనే తగ్గుతుంది. ఐస్ పెట్టి ఆడించడం సరికాదు.

మేజర్ లీగ్ వాళ్లూ యూఎస్‌ఏ బేస్‌బాల్ వాళ్లూ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాలు చూడండి. 11, 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 85 బంతులు హద్దు, 66కి చేరితే నాలుగు రోజుల విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడమే మానాలి. ఒకే రోజు రెండు మ్యాచ్‌లలో పిచ్ చేయించొద్దని కూడా అందులోనే ఉంది. పిచ్చర్‌గా దిగిన రోజు క్యాచర్‌గా పెట్టడమూ వద్దు. కోచ్ లెక్క పెట్టకపోతే మీరు పెట్టండి.

ఫ్రిస్కో_పక్కింటాయన:
మా పెద్దాడి టీమ్‌లోనూ ఇదే గోల. డబ్బు కట్టాం, టోర్నమెంట్ ఉంది, మీవాడు రాకపోతే ఎలా అంటారు. రెండు నెలలు మాన్పించాం. టీమ్‌లో చోటు పోయింది, ఇంకో టీమ్‌లో దొరికింది. మరీ అంత కొంప మునిగేదేమీ లేదండీ.

బేస్‌బాల్_నాన్న:
థ్యాంక్స్ అండీ. బుధవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. వాడికి రాకర్ సంగతి చెప్పాను, "అంటే నేను కూడా మేజర్స్‌కి వెళ్తానన్నమాట" అంటున్నాడు. వీణ్ణేం చేయాలి?

వేపచెట్టు:
మ్యాథ్స్ ట్యూషన్‌లో వేయండి. మన ఇళ్లలో అన్నిటికీ అదే మందు.

ఆఫ్‌స్టంప్:
నాకు ఈ రాకర్ నచ్చాడు. ముప్ఫైలు దాటాక కూడా ఇలాంటివాళ్లు నిలదొక్కుకున్న ఉదాహరణలున్నాయా?

స్కోర్‌బుక్_మావయ్య:
రిచ్ హిల్ ఉన్నాడుగా. గాయాలతో, అవకాశాలు లేక, 2015లో 35 ఏళ్ల వయసులో లాంగ్ ఐలండ్ డక్స్ అనే స్వతంత్ర జట్టుకి ఆడాడు. మరుసటి ఏడాది చివరికి డాడ్జర్స్‌తో మూడేళ్లకి 4.8 కోట్ల డాలర్ల ఒప్పందం. 2025లో 45 ఏళ్ల వయసులో కూడా కాన్సస్ సిటీకి మేజర్ లీగ్‌లో దిగాడు. వ్యతిరేక ఉదాహరణా ఉంది. బ్రియెన్ టేలర్, 1991లో యాంకీస్ మొదటి స్థానంలో తీసుకుంది, 15.5 లక్షల డాలర్లు. 1993 డిసెంబర్‌లో ఒక గొడవలో భుజం పోయింది, మేజర్స్ ముఖమే చూడలేదు. రాకర్ ఇప్పటికే ఆ గీత దాటాడు.

డ్రాఫ్ట్_లెక్కలు:
సరే, నా మాట మీద నేనున్నాను. మెట్స్‌ది పిరికితనం కాదు, లెక్క.

ఫ్రిస్కో_పక్కింటాయన:
ఆ లెక్కతో వచ్చిన పరాడా 2025 ముగిసినా మేజర్స్‌కి రాలేదు. రాకర్ ఈఆర్‌ఏ 5.74 అయినా మేజర్ లీగ్ ఈఆర్‌ఏనే కదా.

డ్రాఫ్ట్_లెక్కలు:
దొరికిపోయాను, ఆ దెబ్బ బాగుంది. అయినా పందెం. వచ్చే సీజన్‌లో స్టార్టర్‌గా వంద ఇన్నింగ్స్ దాటడు.

స్కోర్‌బుక్_మావయ్య:
ఒప్పుకున్నా. మేజర్స్, ట్రిపుల్-ఎ రెండూ కలిపి లెక్క. రౌండ్ రాక్‌లో వేసినవి లెక్కలోకి రావంటే నేను ఒప్పుకోను, అతనికి కావాల్సినవి అవే.

డ్రాఫ్ట్_లెక్కలు:
కలిపే లెక్క. ఓడినవాళ్లు అర్వింగ్‌లో అందరికీ బిర్యానీ.

వేపచెట్టు:
నేను రెండు వైపులా ఉన్నాను. మటన్.